పిచ్చి, దర్శనం, ఒక ఆవర్జా పుస్తకం

ఆమధ్య మా బరంపురంలో ఒక మిత్రుడి ఇంట్లో నెలవారీ సాహిత్య గోష్ఠి జరిగింది. మాటల మధ్య ఒకాయన “కవి అన్నవాడికి ఒక పాలు పిచ్చి ఉండి తీరాలండీ” అన్నాడు. అందరూ నవ్వారు. ఇంకొకాయన ప్లేటోను లాక్కొచ్చాడు. దేవతలు పూనితే కలిగే ఉన్మాదాలు నాలుగు రకాలని ప్లేటో ‘ఫీడ్రస్’ అనే సంవాదంలో చెప్పి, కవుల ఉన్మాదాన్ని అందులో మూడోదిగా లెక్కించిన మాట వాస్తవమే. ఇంతలో టీ వచ్చింది, విషయం మారిపోయింది. నేను మాత్రం నవ్వలేకపోయాను. ఇంటికొచ్చి పడుకున్నాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు.

నేను విమర్శకుణ్ణి కాను. మనస్తత్వశాస్త్రం చదివినవాణ్ణి అంతకన్నా కాను. బి.కాం. పాసై, ముప్పైయేళ్ళకు పైగా బ్యాంకులో పనిచేస్తున్నవాణ్ణి. కలకత్తా బ్రాంచిలో ఉన్న నాలుగేళ్ళూ కాలేజీ స్ట్రీటు పేవ్‌మెంటు మీద కొన్న పాత ఇంగ్లీషు పుస్తకాలే నా సాహిత్య విద్య. అయినా ఈ విషయం మీద రాయడానికి నాకు కొంచెం అధికారం ఉందనుకుంటున్నాను. అదెలా వచ్చిందో చెప్పడానికే ఈ వ్యాసం.

పిచ్చిని మెచ్చుకోలుగా వాడేవాళ్ళు దాన్ని దగ్గరగా చూసి ఉండరని నా అనుమానం. 1994లో మా మావయ్య, అంటే మా అమ్మకు అన్న, రాత్రుళ్ళు నిద్రపోకుండా గోపాల్‌పూర్ సముద్రం దాకా నడిచి వెళ్ళేవాడు. మా ఇంటి నుంచి పదహారు కిలోమీటర్లు. తెల్లారి తిరిగొచ్చేసరికి పాదాలు చీలి నెత్తురు కారుతుండేవి. అమ్మ గడప మీద కూర్చోబెట్టి కాళ్ళు కడుగుతుంటే ఆయన చెయ్యి గాలిలో ఏదో రాస్తూనే ఉండేది. ఆ పాదాలు చూసినవాడు గోష్ఠిలో నవ్వలేడు. ఆయన సంగతి మళ్ళీ వస్తుంది. ముందు ప్రశ్న ఏమిటో తేల్చుకుందాం.

దర్శన సాహిత్యం అన్నప్పుడు నేను షడ్దర్శనాల గురించి మాట్లాడటం లేదు. తనకు కళ్ళెదుట ఏదో కనిపించిందనీ, చెవిలో వినిపించిందనీ రాసినవాడు మనసా నమ్మి, దాన్ని అక్షరాల్లో పెట్టిన సాహిత్యం అని నా ఉద్దేశం. మనకిది కొత్త కాదు. చంద్రగ్రహణం నాడు గంగ ఒడ్డున శ్రీరాముడు కనిపించి భాగవతాన్ని తెలుగు చెయ్యమన్నాడని పోతన చెప్పుకున్నాడు. కళింగ దండయాత్ర దారిలో, కృష్ణ ఒడ్డున ఉన్న శ్రీకాకుళంలో ఆగిన కృష్ణదేవరాయలకు ఆంధ్రవిష్ణువు కలలో కనిపించి ఆముక్తమాల్యద రాయించాడు. (రాయలు మా వైపుకు యుద్ధానికి వస్తూ దారిలో కవి అయిపోయాడని మా బరంపురం పెద్దలు చమత్కరిస్తుంటారు.) వీరబ్రహ్మంగారి కాలజ్ఞానం సరేసరి. వీళ్ళెవరినీ మనం వైద్యుడి దగ్గరకు తీసుకుపోలేదు. ఎందుకని? కనిపించినవాడు మనందరికీ తెలిసిన దేవుడు గనక. ఊరందరికీ తెలిసిన ముఖం కనిపిస్తే దర్శనం అంటున్నాం, ఎవరికీ తెలియని ముఖం కనిపిస్తే రోగం అంటున్నాం. ఇది న్యాయమైన కొలత అని నాకు తోచదు.

పోనీ, కనిపించడమే రోగం అందామా? అదీ కుదరదు. ఇంగ్లండులో ఒక పరిశోధక సంఘం 17,000 మందిని ఒకే ప్రశ్న అడిగి, ఫలితాన్ని 1894లో ప్రకటించింది. పూర్తి మెలకువలో ఉండగా, అక్కడ లేని మనిషిని మీరెప్పుడైనా చూశారా, లేని గొంతు విన్నారా అన్నది ప్రశ్న. ఇంచుమించు పదిమందిలో ఒకరు అవునన్నారు. వాళ్ళంతా మామూలుగా సంసారాలు చేసుకుంటున్నవాళ్ళే. మా పెన్షన్ కౌంటరు దగ్గర కూర్చున్న ఏ గుమస్తానైనా అడగండి. భర్త పోయిన ముసలమ్మలు, ఫారం నింపుతూ నింపుతూ, “నిన్న సాయంత్రం వీధి అరుగు మీద కూర్చున్నారు బాబూ” అని ఎంత మామూలుగా చెబుతారో. చెప్పి, వేలిముద్ర వేసి, డబ్బు సరిగ్గా లెక్కపెట్టుకుని వెళతారు.

డబ్బు సరిగ్గా లెక్కపెట్టుకోవడం. నా మటుకు నాకు అసలు సంగతి ఇక్కడే ఉందనిపిస్తుంది.

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో 12వ సెక్షను ఉంది. బ్యాంకు పరీక్షలకు కూర్చున్న ప్రతివాడూ దాన్ని బట్టీపట్టినవాడే. ఒప్పందం చేసుకునే మనిషికి స్వస్థచిత్తం ఉండాలంటుంది చట్టం. కానీ అతను పిచ్చివాడా కాదా అని అడగదు. ఆ ఒప్పందం చేసుకునే సమయంలో, ఆ ఒప్పందాన్ని అర్థం చేసుకుని, అది తన మంచిచెడ్డలకు ఏమి చేస్తుందో ఆలోచించుకోగలడా అని అడుగుతుంది. పిచ్చాసుపత్రిలో ఉన్న రోగి కూడా మనసు కుదుటబడిన వేళల్లో ఒప్పందం చేసుకోవచ్చునని ఉదాహరణతో సహా చెబుతుంది. జ్వరం తలకెక్కి సంధిలో ఉన్న మామూలు మనిషి చేసుకోకూడదనీ చెబుతుంది. ఇరవయ్యేళ్ళ వయసులో మార్కుల కోసం చదివినప్పుడు దీనిలోని జ్ఞానం నాకు తెలియలేదు. మనిషంతటినీ ఒక్క మాటతో కొట్టిపారెయ్యకుండా, ఏ విషయంలో, ఏ వేళలో అని అడిగేపాటి ఓర్పు మన సాహిత్య గోష్ఠులకు కూడా లేదు.

ఈ ఓర్పును ఒక న్యాయస్థానం నిజంగానే చూపించిన సందర్భం ఒకటుంది. డేనియల్ పాల్ ష్రేబర్ 1842లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో పుట్టాడు. న్యాయమూర్తిగా ఎదిగి, 1893లో డ్రెస్డెన్ ఉన్నత న్యాయస్థానంలో పెద్ద పదవి ఎక్కాడు. కొద్ది వారాల్లోనే మనసు చెదిరింది. దాదాపు తొమ్మిదేళ్ళు ఆసుపత్రుల్లో గడిపాడు. దేవుడి కిరణాలు తన నరాలను పట్టి లాగుతున్నాయనీ, లోకం నశించిందనీ, చుట్టూ కనిపించే మనుషులు అప్పటికప్పుడు అల్లిన బొమ్మలనీ, తాను స్త్రీగా మారి కొత్త మానవజాతిని కనవలసి ఉందనీ ఆయన నమ్మకం. ఇదంతా ఒక పుస్తకంగా రాశాడు. తన వ్యవహారాలు చూసుకునే హక్కును చట్టం తననుంచి తీసివేస్తే, దాని మీద తానే వాదనలు రాసుకుని అప్పీలు చేశాడు. ఇలాంటి పుస్తకం అచ్చువెయ్యాలనుకోవడమే ఇతనికి వివేకం లేదనడానికి రుజువు అని ఆసుపత్రి పెద్ద వైద్యుడు నివేదిక ఇచ్చాడు. న్యాయమూర్తులు ఆ రాతప్రతిని ముందుపెట్టుకుని ఆలోచించారు. ఇతనికి మానసిక రోగం ఉన్నమాట నిజమే, అయినా తన ఆస్తిపాస్తులు, తన వ్యవహారాలు చూసుకోగలడు అని 1902 జులైలో తీర్పు ఇచ్చారు. ఆ ఏడాది చివర ఇంటికి వెళ్ళాడు. మరుసటి ఏడు పుస్తకం వచ్చింది. అచ్చుకు తగదని అందులో మూడో అధ్యాయం తీసేశారు. తర్వాత 1911లో ఫ్రాయిడ్, ష్రేబర్‌ను ఒక్కసారి కూడా చూడకుండా, ఈ పుస్తకం ఒక్కటే ఆధారంగా తన ప్రసిద్ధమైన విశ్లేషణ రాశాడు.

తీర్పుతో రోగం నయం కాలేదు. 1907లో భార్యకు పక్షవాతం రావడంతో ష్రేబర్ మళ్ళీ కుప్పకూలాడు, 1911లో ఆసుపత్రిలోనే పోయాడు. న్యాయస్థానం చేసినదల్లా ఆయన రాసిన కాగితాలు చదవడం. అది తక్కువ పని కాదు.

ఇక విలియం బ్లేక్. ఈయన పేరు ఇంగ్లీషు చదివినవాళ్ళందరికీ తెలుసు. 1757లో లండన్‌లో పుట్టి 1827లో పోయాడు. చిన్నతనంలో ఒక చెట్టు నిండా దేవదూతలు మెరుస్తూ కూర్చున్నారని ఇంటికొచ్చి చెబితే, అబద్ధమాడుతున్నాడని తండ్రి కొట్టబోయాడు, తల్లి అడ్డుపడింది. 1787లో తమ్ముడు రాబర్ట్ పోయినప్పుడు, అతని ప్రాణం చప్పట్లు కొడుతూ ఇంటి కప్పులోంచి పైకి వెళ్ళడం చూశానన్నాడు. బొమ్మా పద్యమూ ఒకే రాగిరేకు మీద చెక్కి అచ్చువేసే కొత్త పద్ధతిని కూడా చనిపోయిన ఆ తమ్ముడే వచ్చి నేర్పాడన్నాడు. 1809లో తన అన్న మేజోళ్ళ దుకాణం మేడమీద బొమ్మల ప్రదర్శన పెడితే, ఒక పత్రిక ఆయన్ని ఏకంగా పిచ్చివాడని రాసేసింది. ఆ పిచ్చి బైరన్, స్కాట్‌ల తెలివికన్నా తనకు ఎక్కువ ఆసక్తి కలిగిస్తోందని వర్డ్స్‌వర్త్ అన్నట్టు కూడా ఉంది. చూశారా, మెచ్చుకున్నవాడు కూడా పిచ్చి అనే మాట దాటి రాలేకపోయాడు.

నాకు ఆసక్తి కలిగించింది మాత్రం బ్లేక్ బిల్లులు. పద్నాలుగో ఏట చెక్కడం పనిలో శిష్యుడిగా చేరి ఏడేళ్ళు నేర్చుకున్నాడు. జీవితమంతా ఆ వృత్తి మీదే బతికాడు. ముసలితనంలో కూడా, 1823లో, లిన్నెల్ అనే చిత్రకారుడితో యోబు కథ బొమ్మలకు ఒప్పందం కాగితం రాసుకుని పని చేసిచ్చాడు. ఆ కాగితంలో దేవదూతలు లేరు, పౌన్లే ఉన్నాయి. ఒక విందులో ఆయన ఏదో దృశ్యం వర్ణిస్తుంటే, ఒక ఇల్లాలు ఎక్కడ చూశారండీ అని అడిగిందట. బ్లేక్ తన నుదుటి మీద వేలితో తట్టి, ఇక్కడ అన్నాడట. ష్రేబర్ అలా తట్టలేడు. ఆయనకు కిరణాలు నిజంగా ఆకాశం నుంచే వచ్చేవి. ఈ ఒక్క తట్టులో చాలా ఉందని నా నమ్మకం. అయితే దర్శనం బ్లేక్ చేతిలో కీలుబొమ్మ అని కూడా అనలేం. 1819లో వార్లీ అనే స్నేహితుడి ఎదుట ఒక మిన్నల్లి ప్రేతాన్ని, అదే మన కుక్కమీద ఉండే గోమారి లాంటి పురుగును, చూస్తూ బొమ్మ గీస్తున్నాడు. మధ్యలో అది నోరు తెరిచిందని, ఆ నోటిని వేరే గీసి, మళ్ళీ మూసేదాకా ఆగాడు. ఎదుట మనిషిని కూర్చోబెట్టి గీసే చిత్రకారుడు ఎలా ఆగుతాడో అలాగే.

కేథరిన్ గురించి కూడా చెప్పాలి. 1782లో బ్లేక్‌ను పెళ్ళాడిన రోజున రిజిస్టరులో ఆమె సంతకం బదులు ఇంటూ గుర్తు పెట్టింది. మా భాషలో చెప్పాలంటే నిశానీ ఖాతాదారు. భర్త దగ్గర చదువు నేర్చుకుని, ఆయన అచ్చువేసిన పేజీలకు రంగులు దిద్దింది. మావారు ఎప్పుడూ స్వర్గంలోనే ఉంటారు, నాకు దొరికేది తక్కువ అని ఒకరితో నవ్వుతూ అన్నదట. ఇంట్లో డబ్బు అయిపోతే ఆమె తగువు పెట్టుకునేది కాదు. భోజనం వేళకు ఖాళీ పళ్ళెం ఆయన ముందు పెట్టేది. ఆయన లేచి చెక్కుడు పనికి కూర్చునేవాడు. బ్లేక్ కోసం రాసిన పెద్ద పెద్ద గ్రంథాలన్నీ నేను చదవలేదు గానీ, చదివినంతలో ఆ ఖాళీ పళ్ళెం చెప్పినంత సంగతి ఏదీ చెప్పలేదు. (ఆయన చివరి రోజుల దీర్ఘకావ్యాలు నాకు కొరుకుడు పడలేదని కూడా ఒప్పుకోవాలి. మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ వదిలేశాను.)

బ్లేక్ కొంతకాలం అభిమానించి, తర్వాత ఎగతాళి చేసిన స్వీడెన్‌బోర్గ్ కథ మా వృత్తివాళ్ళకు ఇంకా ముచ్చటగా ఉంటుంది. ఈయన స్వీడన్ గనుల శాఖలో అధికారి. 1688లో పుట్టాడు. యాభయ్యైదేళ్ళ వయసు దాకా లోహాలు, యంత్రాలు, ఇతర శాస్త్రాలే ఆయన ధ్యాస. 1743, 44 ప్రాంతంలో కలలు, దర్శనాలు మొదలయ్యాయి. 1747లో ఉద్యోగం వదిలేసి, స్వర్గ నరకాల్లో తాను చూసినది చూసినట్టు సంపుటాల కొద్దీ రాశాడు. 1766లో కాంట్ ఆయన మీద ఒక పుస్తకమే రాసి ఎద్దేవా చేశాడు. అదే కాలంలో, 1760 తర్వాత జరిగిన స్వీడిష్ పార్లమెంటులో, కాగితపు నోట్లు విపరీతంగా పెరిగి మారకపు విలువ పడిపోతోందని ఈ దేవదూతల మిత్రుడే వినతిపత్రాలు సమర్పించాడు. ఆర్థిక విషయాల మీద ఆ సభకు వచ్చినవాటిలో ఆయనవే మేలైనవని ఒక ప్రముఖ రాజనీతిజ్ఞుడు మెచ్చుకున్నాడు. పొద్దున దేవదూతతో మాట్లాడి మధ్యాహ్నం ద్రవ్యోల్బణం గురించి రాసిన మనిషిని ఏ గడిలో పెడతాం?

విలియం జేమ్స్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త, 1902లోనే, ష్రేబర్ తీర్పు వచ్చిన ఏడే, మతానుభవాల మీద తన పుస్తకం వెలువరించాడు. సెయింట్ పాల్‌కు కనిపించిన వెలుగును మూర్ఛరోగం అని కొట్టిపారేసేవాళ్ళను అందులో గట్టిగా మందలించాడు. ఎక్కడినుంచి పుట్టిందని కాదు, ఏం ఫలం ఇచ్చిందని చూడమన్నాడు. మంచి మాటే. ఆ కొలతతో చూస్తే ష్రేబర్ పుస్తకానికీ బ్లేక్ పద్యాలకీ ఒక తేడా నాకు తెలుస్తుంది. ష్రేబర్ విశ్వంలో దారులన్నీ ష్రేబర్ దగ్గరికే వస్తాయి. సూర్యుడు ఆయనతోనే మాట్లాడతాడు, దేవుడికి ఆయన తప్ప పని లేదు. బ్లేక్ లండన్ వీధిలో పొగగొట్టాలు తుడిచే పిల్లవాడున్నాడంటే వాడు తన మసితో, తన చలితో ఉంటాడు. మనం ఆ పద్యంలోకి వెళ్ళి నిలబడవచ్చు. ఇది సాహిత్యపు కొలత, వైద్యం కాదు. రెండూ ఒకటేనని నేననను. కానీ ఫలం ఎలా ఉందో చూడాలంటే ఎవరో ఒకరు కొరికి చూడాలి కదా. జేమ్స్ మాటలో నాకు చిక్కు వచ్చేది అక్కడే. ఎవరూ చదవని రాతకు ఫలం ఎక్కడిది?

ఇప్పుడు మా మావయ్య.

ఆయన 1938లో రంగూన్‌లో పుట్టాడు. మా తాత అక్కడి బియ్యం మిల్లులో మేస్త్రీ. గంజాం, శ్రీకాకుళం, గోదావరి జిల్లాల నుంచి మనవాళ్ళు తండోపతండాలుగా రంగూన్ వెళ్ళిన కాలం అది. యానాం పక్కనున్న కోరంగి రేవు పేరు మీద బర్మావాళ్ళు మనల్ని ‘కోరంగీలు’ అనేవాళ్ళు. 1941 డిసెంబరులో జపాను బాంబులు పడ్డాయి. లక్షలమంది కొండలూ అడవులూ పట్టుకుని కాలినడకన బయల్దేరారు. వేలమంది దారిలోనే పోయారు. నాలుగేళ్ళ మావయ్య మా తాత భుజం మీద వచ్చాడు. మావయ్య పైన ఏడేళ్ళ అక్క ఉండేదట. ఆమె రాలేదు. ఆ పిల్ల పేరు మా ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. అమ్మ 1945లో, ఇక్కడికొచ్చాక పుట్టింది.

మావయ్య పెళ్ళి చేసుకోలేదు, మాతోనే ఉండేవాడు. ఒక రైసుమిల్లులో చిట్టా ఆవర్జాలు రాసేవాడు. నేను ఒరియా బడిలో చదువుకుంటుంటే, సాయంత్రాలు పలక మీద నాకు తెలుగు అక్షరాలు దిద్దించింది ఆయనే. యాభై దాటాక మొదలైంది. తెల్లవారుజామున గోపాల్‌పూర్ దీపస్తంభం కింద జనం వరసలో నిలబడుతున్నారనీ, పేర్లు ఎక్కించుకోమంటున్నారనీ చెప్పేవాడు. సొంత డబ్బుతో ఆవర్జా పుస్తకాలు కొని రాత్రంతా రాసేవాడు. ఒకరోజు మిల్లు యజమాని మా ఇంటికొచ్చాడు. కూలీల హాజరు పట్టీలో పన్నెండు కొత్త పేర్లు, ఒక్కొక్క పేరు ఎదుట కూలీ గడిలో సున్నా. “లెక్కలో పైసా తేడా లేదమ్మా, అదే నాకు భయంగా ఉంది” అన్నాడాయన. నేను మావయ్యనడిగాను, ఎవరు మావయ్యా వీళ్ళు అని. “నడిచొచ్చినవాళ్ళురా. ఎక్కడో ఒకచోట పేరు ఎక్కాలి కదా, లేకపోతే ఎట్లా వస్తారు ఇళ్ళకి?” అన్నాడు.

బ్లేక్ తన దేవదూతలను లిన్నెల్ కాగితంలో ఎక్కించలేదు. మావయ్య ఎక్కించాడు. అక్కడ గీత దాటాడని ఇవాళ కూడా ఒప్పుకుంటాను. అయినా సున్నాలు పెట్టాడు. ఆ సున్నాల్లో ఆయన వివేకం ఎంత మిగిలి ఉందో అప్పుడు నాకు చదవడం రాలేదు.

వేరే ఊళ్ళో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. పాత లూనసీ చట్టం పోయి, బంధువు సంతకంతో చేర్చుకునే కొత్త చట్టం అమల్లోకి వచ్చి అప్పటికి ఏడాది. నాకు 25 ఏళ్ళు, బ్యాంకులో కొత్త ఆఫీసర్ని, ఇంట్లో ఇంగ్లీషు ఫారం నింపగలిగినవాణ్ణి. సంతకం నేనే పెట్టాను. డాక్టరు మంచివాడు. ఆయన ఏం రాస్తుంటారండీ అని అడిగాడు. “పిచ్చిరాతలండీ” అన్నాను. ఒక్క పేజీ చదవలేదు నేను. బ్యాంకులో నా ముందుకొచ్చిన ఏ కాగితం మీదా చదవకుండా ఈనాటి దాకా సంతకం పెట్టినవాణ్ణి కాను. ఈసారి వచ్చేటప్పుడు ఒక పుస్తకం తీసుకురండి, చూస్తాను అన్నాడు డాక్టరు. మేం మళ్ళీ వెళ్ళేసరికి పుస్తకాలు లేవు. అవి కంటపడితే రోగం తిరగబెడుతుందని ఎవరో చెబితే, పదకొండు ఆవర్జాలు నాన్న కిలోల లెక్కన పాత కాగితాలవాడికి అమ్మేశాడు. నన్ను అడిగే అమ్మాడు.

ఆసుపత్రిని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. మందులు పనిచేశాయి. మావయ్య నిద్రపోయాడు, పాదాలు మానాయి, అన్నం తిన్నాడు. మూడు నెలలకు ఇంటికొచ్చాడు. దీపస్తంభం కింద మళ్ళీ ఎవరూ కనపడలేదు. ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళకుండా దర్శనం అని దండం పెట్టి ఉంటే ఆ నడకలోనే పోయేవాడు. గోష్ఠిలో పిచ్చిని పొగిడే మిత్రులతో నా పేచీ అదే. తర్వాత ఒక్కసారే అడిగాడు, నా పుస్తకాలేవిరా అని. “బ్యాంకు లాకర్లో పెట్టాను మావయ్యా, భద్రంగా ఉన్నాయి” అన్నాను. బ్యాంకువాడి మాట కదా, నమ్మాడు. 2003లో పోయేదాకా మళ్ళీ అడగలేదు.

ఇంగ్లండులో జాన్ క్లేర్ అనే రైతుకూలీ కవి 1841 నుంచి 1864లో పోయేదాకా నార్తాంప్టన్ పిచ్చాసుపత్రిలో ఉన్నాడు. ఒక్కోసారి తానే బైరన్‌ని అనుకునేవాడు. ఆ ఆసుపత్రిలో లెక్కాడొక్కా చూసే స్టీవార్డు విలియం నైట్ అనే ఆయన, కవీ కాదు పండితుడూ కాదు, ఆ చిత్తుకాగితాలు ఏరి, కూర్చుని, వందల పద్యాలు ఎత్తి రాశాడు. ఇవాళ క్లేర్ గొప్ప పద్యాలుగా చదువుతున్నవాటిలో చాలా భాగం ఆ గుమస్తా చేతిరాతలోంచి వచ్చినవే. ఇంకోపక్క, కేథరిన్ పోయాక బ్లేక్ రాతప్రతులు చేతికొచ్చిన టాథమ్ అనే శిష్యుడు, మతం పేరుతో వాటిలో కొన్నింటిని తగలబెట్టాడని చెబుతారు. ఒకడిది దర్శనమా ఉన్మాదమా అని మనం వాదించుకునేది చూసినవాడి తలకాయ గురించే. పక్కన కూర్చున్న గుమస్తా ఎలాంటివాడన్నది ఎవరూ అడగరు. మావయ్యకు గుమస్తాను నేను. నైట్‌ని కాలేకపోయాను, టాథమ్ పని మాత్రం చేశాను.

2019లో పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే, అటక మీద నా సి.ఎ.ఐ.ఐ.బి. పరీక్ష పుస్తకాల మధ్య ఒక ఆవర్జా దొరికింది. 1993లో, వెనక ఖాళీ పేజీలున్నాయని అందులో నేను నోట్సు రాసుకున్నాను. అందుకని అది కాగితాలవాడికి పోలేదు. పుస్తకం వెనకనుంచి తిప్పితే నా గుండ్రటి అక్షరాల్లో ‘ప్రత్యేక ఖాతాదారులు: మైనర్లు, మతిస్థిమితం లేనివారు, తాగినవారు’ అని ఉంది. కథలో రాస్తే ఎవరూ నమ్మరు. ముందునుంచి తిప్పితే మావయ్య.

గళ్ళు గీసి రాశాడు. పేరు, ఊరు, ఎక్కడ పడిపోయింది, ఎవరికేం చెప్పమన్నది, బాకీ. ఒకడు చెల్లెలికి వెండి కడియం బాకీ. ఒకడు తన ఎద్దుకు ఏ చెవి కోసి ఉంటుందో చెప్పాడు, ఇంటివాళ్ళు గుర్తుపట్టడానికి. ఒక ముసలమ్మ ఊరు చెప్పలేదు, అన్నం ఉందా అని మాత్రం అడిగింది. ఊరు గడి ఖాళీ వదిలి, అన్నం మాట పక్కన రాశాడు. పుస్తకమంతా వెతికాను, నేను అన్న మాట గానీ, తన గొప్ప గానీ, దేవుడి ఊసు గానీ ఎక్కడా లేదు. ష్రేబర్ చదివాక నేను వెతికింది దానికోసమే. ఇది సాహిత్యమేనా అని విమర్శకులు చెప్పాలి. నా మటుకు నేను చదివిన దర్శన గ్రంథాల్లో దీన్ని కింద పెట్టలేను. బంధుప్రీతి అని మీరంటే కాదనలేను.

ఏడో పేజీలో ఒక ఆడపిల్ల ఉంది. వయసు 7. ఊరు బరంపురం. బాకీ గడిలో, తమ్ముడి చెప్పులు అని ఉంది. ఆ పేరు ఇక్కడ రాయను. అమ్మకు ఇప్పుడు ఎనభై దాటాయి. మంచం పక్కన కూర్చుని చదివి వినిపించాను. మళ్ళీ చదవమంది. చదివాను. అలాంటి పేరు తానెప్పుడూ వినలేదంది. నాలుగేళ్ళ పిల్లవాడికి గుర్తున్న పేరో, యాభయ్యారేళ్ళ మనిషికి దీపస్తంభం కింద వినిపించిన పేరో చెప్పగలవాళ్ళు ఎవరూ మిగల్లేదు. చాలాసేపటికి అమ్మ, “చెప్పులు దానివెక్కడున్నాయిరా, ఉంటే అదీ నడిచేది” అంది. ఆ ముక్క ఆమెకు ఎవరు చెప్పారో అడిగితే గుర్తులేదంది.

మావయ్యకు అప్పుడు 56. ఇప్పుడు నాకూ అంతే. రోజూ రాత్రి భోజనమయ్యాక ఒక పేజీ చొప్పున ఎత్తి రాస్తున్నాను, 61వ పేజీ దాకా వచ్చింది. ఊళ్ళలో ఇచ్ఛాపురం, సోంపేట, బారువ, మందస, టెక్కలి, కళింగపట్నం ఎక్కువగా ఉన్నాయి. యానాం వైపు పేర్లు కూడా ఓ పదిహేను దాకా ఉన్నాయి. రంగూన్ వెళ్ళి 1942లో తిరిగిరానివాళ్ళు మీ ఇళ్ళలో ఎవరైనా ఉంటే, పత్రికకు ఒక కార్డు రాయండి. పేరు ఉందో లేదో చూసి చెబుతాను.